పోయాక పెరిగిన ఆల్బమ్‌లు

అమెరికన్ గిటార్ విద్వాంసుడు జిమి హెండ్రిక్స్ 1970 సెప్టెంబర్ 18న లండన్‌లో చనిపోయాడు. నిండా 28 ఏళ్లు లేవు. అప్పటికి విడుదలైన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. కానీ స్టూడియోల్లో వాయించి వదిలేసిన టేపులు మాత్రం గుట్టలు!

మల్టీట్రాక్ టేపులో ఒక్కో వాద్యం ఒక్కో ట్రాక్‌లో విడిగా ఉంటుంది. ఒకటి తీసేసి మరొకటి ఎక్కించవచ్చు. 1975లో వచ్చిన 'క్రాష్ లాండింగ్'లో నిర్మాత అలన్ డగ్లస్ చేసింది అదే. హెండ్రిక్స్ గొంతూ గిటారూ ఉంచి, తోటివాళ్ల డ్రమ్స్, బేస్ చాలావరకు తీసేసి, వేరేవాళ్ల చేత కొత్తగా వాయింపించాడు. పైగా కొన్ని పాటలకు సహరచయితగా తన పేరూ వేసుకున్నాడు! అభిమానులు మండిపడ్డారంటే పడరూ మరి?

చివరికి కోర్టుకెక్కి 1995లో జిమి తండ్రి ఆల్ హెండ్రిక్స్ కొడుకు సంగీతంపై హక్కులు దక్కించుకున్నాడు. 1997లో పాత ఆల్బమ్‌లు మళ్లీ మార్కెట్లోకొచ్చాయి. ఈసారి పని చేయించింది అప్పట్లో హెండ్రిక్స్ పాటలు రికార్డు చేసిన ఇంజనీర్ ఎడీ క్రామర్‌తో. అదే ఏడాది, హెండ్రిక్స్ సగంలో వదిలి వెళ్లిన ఆల్బమ్‌నీ 'ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్' పేరుతో కూర్చారు. వినడానికి ఇదే నయం. అయినా అతను బతికుంటే ఇందులో ఎన్ని పాటలు ఉండనిచ్చేవాడో!