తోక తిన్నగా ఉంటే...

కూచిపూడికి ముందు సబ్బుల మీద మాట్లాడమన్నారు. మీ ఓపికను ఎక్కువసేపు పరీక్షించను.

మా ఊళ్ళో ఉప్పునీటి బావి ఉండేది. ఆ నీళ్ళలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టె కడుతుంది. అందుకే మా అమ్మమ్మ పట్టుచీరలకు కుంకుడు రసమే వాడేది. కెనడా వచ్చి గ్వెల్ఫ్‌లో కాపురం పెట్టాక అదే తెట్టె మళ్ళీ కనిపించింది. అక్కడి భూగర్భజలం సున్నపురాతి పొరల్లోంచి వస్తుంది మరి!

మురికి వదిలించే అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు జిడ్డంటే ఇష్టం. తోకలన్నీ జిడ్డులో గుచ్చుకుని, తలలు బయటపెట్టి, దాన్ని చిన్న ఉండగా చుట్టి నీళ్ళలోకి లాగేస్తాయి. తోక మరీ పొట్టిదైతే జిడ్డును పట్టలేదు, మరీ పొడుగైతే చన్నీళ్ళలో కరగదు. సబ్బు తల నీటిలోని కాల్షియంతో జతకట్టి తెట్టెగా మారుతుంది. డిటర్జెంట్లలోని సల్ఫోనేట్ తల అంత తేలిగ్గా లొంగదు. కుంకుడులోని సపోనిన్‌కు ఉన్నది చక్కెర తల, కాల్షియం దాన్నీ అంతగా బాధించదు.

ఉతకడంతో కథ అయిపోలేదు. 1950లలో డిటర్జెంట్ల తోకకు కొమ్మలుండేవి. మురికి బాగానే వదిలేది. కానీ సూక్ష్మజీవులు ఆ తోకను కొసనుంచి రెండేసి కార్బన్ల చొప్పున, చెరుకుగడ నమిలినట్టు తింటూ పోవాలి. కొమ్మ అడ్డొస్తే ముందుకు సాగలేవు. దాంతో ఉత్తర అమెరికా నదుల మీద నురగ తెప్పలుగా తేలింది. 1960ల మధ్యలో పరిశ్రమ తిన్నని తోకకు మారాక అది తగ్గింది.

ఆపైన ఫాస్ఫేట్ల వంతు. కాల్షియంను పట్టి ఉంచడానికి వాటిని పొడిలో కలిపేవారు. ఈరీ సరస్సులో నాచు విపరీతంగా పెరగడానికి అవీ కారణమే. కెనడా 1970లో వాటికి పరిమితి పెట్టింది, 1973లో దాన్ని ఇంకా తగ్గించింది.

గ్వెల్ఫ్ మురుగునీరు శుద్ధి అయ్యాక స్పీడ్ నదిలోకి, అక్కడినుంచి గ్రాండ్ నదిలోకి, చివరికి ఈరీలోకి చేరుతుంది. దారిలో బ్రాంట్‌ఫర్డ్ ఊరు తాగేది ఆ గ్రాండ్ నది నీరే. మా బావగారు ఉండేది అక్కడే! అది తెలిసినప్పటినుంచీ పొడి కొలిచి మరీ వేస్తున్నాను. రెట్టింపు పోసినంత మాత్రాన మురికి రెట్టింపు వదలదు.

మన బట్టలు తెల్లబడితే చాలదు, మన కింద ఊరివాళ్ళ నీళ్ళు కూడా తేటగా ఉండాలి. సెలవు.