పాత గేరుబాక్సును గొనుటకు ముందు



బడిపంతులకు లారీల గొడవ యేల యందురేమో! మా తమ్ముని కుమారుడు తన లారీ గేరుబాక్సు అరిగిపోగా, విజయవాడ ఆటోనగరులో వేఱొక బండిదానిని గొనెను. “సరిపోవును” అను వర్తకుని మాటయే ప్రమాణమయ్యెను. తీరా బిగింపబోగా క్లచ్ షాఫ్టు అర్ధాంగుళము పొట్టి! వేఱొకటి తెచ్చునంతలో మిల్లునకు జేరవలసిన ధాన్యము కల్లముననే వానకు దడిసిపోయెను.

తర్కశాస్త్రమున శబ్దమునకంటె ముందు ప్రత్యక్షమును జెప్పుదురు. ఇచటను అంతియే. పెట్టెపై పోతపోసిన సంఖ్య యొక్కటియే చాలదు. లోపలి చక్రములు మార్చి యుండవచ్చును. కావున మొదటి గేరు వేసి, వెనుక షాఫ్టుపై సుద్దతో గీత గీయుడు. క్లచ్ షాఫ్టును చేతితో ద్రిప్పుచు లెక్కింపుడు. గీత యొక చుట్టు తిరుగునప్పటికి అది ఆఱున్నర చుట్లు తిరిగినచో నిష్పత్తి 6.5, బరువులు లాగుటకు దగినది. మూడున్నరయే యైనచో అది తేలికబండికి దగినది.

పిమ్మట షాఫ్టు గాడులు మీ క్లచ్ ప్లేటులో నమరవలెను. దాని కొన ఫ్లైవీలు నడుమనున్న పైలట్ బేరింగులో గూర్చుండవలెను. లేనిచో ఆధారము లేక యూగులాడి బేరింగులను జెఱచును. బోల్టు రంధ్రములు కలియలేదని నడుమ పలక వేసినచో, దాని మందము మేరకు కొన వెనుకకు జరుగునని మఱవకుడు. పెట్టె పొడవు మాఱినచో ప్రొపెల్లరు షాఫ్టును సరిచేయింపవలెను.

సుద్దముక్కయు, కొలబద్దయు నా జీవితకాలపు పరికరములు. సొమ్ము చెల్లించుటకు ముందు మీరును వానిని వెంట గొనిపోవుడు. సెలవు.