సభను బట్టి మాట

నెల్లూరికి దక్షిణాన రహదారిని ఆనుకొని ఉన్న వెంకటాచలంలో గాని, మన ఊళ్ళలో మరెక్కడనైనా గాని, టీ అంగడి బల్లమీద నలుగురు పురుషులు చేరినప్పుడు వారి మాటల ధోరణి ఒక విధంగా ఉంటుంది. వాక్యం చివర ‘రా’, నడుమ ‘అబ్బయా’ అనే ఈ సీమ పిలుపు, మధ్యమధ్య మోటు హాస్యం. ఇంతలో తెలిసిన స్త్రీ ఎవరైనా అటు వచ్చినట్లయితే కంఠం తగ్గుతుంది. ‘రా’కు బదులు ‘అమ్మా’ వస్తుంది. హాస్యం సగంలోనే ఆగిపోతుంది.

మన భాషలోనే ఈ భేదానికి చోటున్నది. ‘ఏమిరా’ అంటే వినేవాడు పురుషుడు. ‘ఏమే’ అంటే వినేది స్త్రీ. ‘ఏమండీ’ అన్నప్పుడు మాత్రం ఇరువురూ సమానులే. గౌరవం చేరినచోట భేదం సమసిపోవడం గమనింపదగిన విషయం.

సభను ఎరిగి మాట్లాడడం సంస్కారమే గాని కపటం కాదు. అయితే మాట తీరు మారడం వేరు, మాటలోని సత్యం మారడం వేరు. పదమూడవ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వంతో ఆరంభించినాడు. కౌరవులు గోవులను పట్టినారన్న వార్త విని ఉత్తరకుమారుడు అంతఃపుర స్త్రీల నడుమ ప్రగల్భాలు పలుకుతాడు. తీరా శత్రుసేనను చూచి రథం దిగి పరుగెత్తుతాడు. ‘ఉత్తరకుమార ప్రజ్ఞలు’ అనే నానుడి అందుకే నిలిచినది. కాని ఆ కథలోనే మరొక ఘట్టం ఉన్నది. తిరిగి వచ్చిన కుమారుని తండ్రి పొగడినప్పుడు, గెలుపు తనది కాదని అతడే ఒప్పుకొంటాడు. దీనిని మనం అంతగా తలచుకోము.

స్త్రీల ఎదుట ప్రగల్భం కన్న హానికరమైనది, వారికి సంబంధించిన విషయాలను వారి చాటున తేల్చివేయడం. ఆడపిల్ల చదువు, సంబంధం, ఇంటి ఖర్చు, ఇవన్నీ ఎన్నో చోట్ల మగవారి మాటలలోనే ముగిసిపోతాయి. ఒకప్పుడు సారా అంగడి అటువంటి సభ. కూలిడబ్బు అక్కడే కరిగేది. 1992లో ఈ జిల్లాలోని దూబగుంట స్త్రీలు, అక్షరాస్యత తరగతులలో కూడి మాట్లాడుకొన్నవారు, తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించినారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించినది. చాటున సాగిన మాటకు ముఖాముఖి సమాధానం చెప్పవలసివచ్చినది.

నేడు వెంకటాచలం మండలంలోని కాకుటూరులో, 2008లో స్థాపితమైన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉన్నది. అటువంటి విద్యాలయాలలో యువతీయువకులు కలిసి చదువుతున్నారు. అయినా మగవారి సభలు అంతరించలేదు, అంతరించనక్కరలేదు కూడా. స్నేహితుల నడుమ చనువు ఉండవలసినదే. కాని లేని స్త్రీని గురించి ఒక మాట అనబోయే ముందు, ఆమె ఇక్కడే కూర్చుని ఉంటే ఇదే మాట అనగలనా అని ప్రశ్నించుకోవడం మంచిది.

రేడియోలో మాట్లాడేవానికి ఎదుట ఎవరున్నారో కనిపించదు. వంటింట్లో అమ్మగారు, వరండాలో తాతగారు, చదువుకొంటున్న అమ్మాయి, అందరూ ఒకే మాట వింటారు. అందరికీ చెల్లే మాటనే అతడు వెతుక్కోవాలి. ఆ అలవాటు రేడియో లేనిచోట కూడా మంచిదే.