ఎండలు ముదరడం నిజమేనా? తప్పెవరిది?

(2024–25 వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు అన్నీ అయ్యాక నాకు మైకు ఇచ్చారు. భోజనాల వేళ దగ్గర పడింది కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను. భూమి నిజంగానే వేడెక్కుతోందా, లేక టీవీలవాళ్లు భయపెడుతున్నారా? నిజమైతే తప్పెవరిది? ఈ రెండూ చెప్పమన్నారు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దవాళ్లే అన్నారు. అంటే మన ముత్తవ్వల కాలంలోనూ ఎండలు మండేవి. రెంటచింతల, రామగుండం ఎండలకు ఎప్పటినుంచో పేరు మోసినవే. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా పోయారు. కాబట్టి "అబ్బ, ఈ ఏడు ఎండ ఎక్కువుంది" అనుకుంటే అది రుజువు కాదు. ఒక్క నెల పొదుపు చూసి సంఘం బాగుందో లేదో చెప్పం కదా, ఏళ్ల తరబడి పుస్తకాలు తిరగేస్తాం. భూమికీ అలాంటి పుస్తకాలున్నాయి. ప్రపంచమంతటా థర్మామీటరు లెక్కలు 1850 నుంచి రాసి ఉన్నాయి. 1850–1900 మధ్య సగటుతో పోలిస్తే 2024లో భూమి వేడి దాదాపు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ. లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వేడి సంవత్సరం ఇంకొకటి లేదు. అన్నిటికంటే వేడి సంవత్సరాలు పది తీస్తే, ఆ పదీ 2015 నుంచి ఇటు వచ్చినవే.

ఒకటిన్నర డిగ్రీలేనా అంటారేమో. మన ఒంటి వేడి అంతే పెరిగితే 101 జ్వరం. పనికి పోగలమా?

ఇక కారణం. రాత్రి దుప్పటి కప్పుకుంటాం. దుప్పటిలో నిప్పు లేదు, మన ఒంటి వేడినే బయటికి పోనివ్వదు. ఎండకు కాగిన నేల వేడిని పైకి వదులుతుంది. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివి అందులో కొంత పట్టి ఉంచుతాయి. ఆ దుప్పటే లేకపోతే భూమి సగటు వేడి సున్నాకు 18 డిగ్రీలు కిందికి పోయేది, మనమెవరం ఉండేవాళ్లం కాదు. దుప్పటి మంచిదే. అది మందమవుతూ పోవడమే చిక్కు.

ఈ సంగతి ముందుగా కనిపెట్టినవాళ్లలో ఒక ఆడమనిషి ఉంది. అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆమె 1856లో గాజు గొట్టాల్లో రకరకాల గాలులు నింపి ఎండలో పెట్టింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికంటే ఎక్కువ కాగింది, చల్లారడానికీ చాలాసేపు పట్టింది. గాలిలో ఇది పెరిగితే భూమీ వేడెక్కుతుందని అప్పుడే రాసింది. ఆమె పేరు మాత్రం వందేళ్లకు పైగా మరుగున పడిపోయింది. మన సమావేశంలోనైనా ఒకసారి తలుచుకుందామని చెప్పాను.

ఫ్యాక్టరీలు రాకముందు పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పాళ్లు ఉండేది. 1958లో హవాయి దీవుల్లోని కొండ మీద కొలవడం మొదలుపెట్టేసరికి 315 అయింది. ఇప్పుడు 420 దాటింది. ఏటా మనుషులు వదిలేదాంట్లో సగం దాకా చెట్లూ సముద్రాలూ లాక్కుంటాయి. మిగతాది కట్టని వడ్డీలా పేరుకుంటోంది. అది బొగ్గు, పెట్రోలు నుంచే వచ్చిందని ఎలా తెలుసంటే, కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న కార్బన్‌కూ, నిన్నటి చెట్టులోని కార్బన్‌కూ తేడా ల్యాబులో తెలిసిపోతుంది. గాలిలో ఆ పాతదాని వాటా పెరుగుతోంది.

సూర్యుడే ఎక్కువ మండుతున్నాడేమో అని ఒక అక్క ఇందాక అడిగింది. మంచి ప్రశ్న. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యుడిని కొలుస్తూనే ఉన్నాయి, ఆయనేం పెరగలేదు. పైగా సూర్యుడి వల్లే అయితే పై గాలి పొరలూ వేడెక్కాలి. కింద వేడెక్కుతోంది, బాగా పైన చల్లబడుతోంది. దుప్పటి మందమైతే జరిగేది అదే.

నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది. "పల్లెల్లో ఆడవాళ్లు కట్టెలు కాల్చబట్టే ఇదంతా" అంటారు కొందరు. కట్టెలో ఉన్న కార్బన్ నాలుగేళ్ల కిందట ఆ చెట్టు గాలిలోంచి తీసుకున్నదే. మళ్లీ చెట్టు మొలిస్తే మళ్లీ తీసుకుంటుంది. అడవి కొట్టేసి వదిలేస్తే మాత్రం అది అప్పే. పొయ్యి పొగ మన కళ్లకూ ఊపిరితిత్తులకూ చేటు, గ్యాసుకు మారమనేది అందుకు. అసలు బరువు బొగ్గుది, పెట్రోలుది. మన దేశంలో కరెంటు దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే, మన ఇంటి ఫ్యానుతో సహా. అయినా ఇప్పటిదాకా ప్రపంచం బొగ్గు, పెట్రోలు కాల్చి వదిలినదాంట్లో అమెరికా ఒక్కటే పావు వంతు వదిలింది. ప్రపంచ జనంలో ఆరో వంతు ఉన్న మన దేశం వాటా నూటికి మూడు నాలుగే. అప్పు ఒకరు వాడుకుంటే కిస్తీ ఇంకొకరు కడుతున్నారు.

మన వాటా అసలు లేదని కాదు. నీళ్లు నిలిచిన వరి మళ్లలో మీథేన్ పుడుతుంది. మధ్య మధ్యలో మడి ఆరనిచ్చి మళ్లీ నీళ్లు పెడితే అది బాగా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు.

గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం వందల ఏళ్లు ఉంటుంది. రేపే అందరూ బొగ్గు మానేసినా ఈ ఎండలు వెనక్కి పోవు. ఆ ఎండలో చెరువు మట్టి తవ్వేది మనమే. ఉపాధి హామీ చట్టంలోనే పని దగ్గర తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. మీ ఊళ్లో ఉన్నాయా? వచ్చే నెల గ్రామ సంఘం సమావేశంలో చూసి, లేనివి తీర్మానంగా రాసి పంపండి. అన్ని ఊళ్లవీ కలిపి ఎంపీడీఓ గారికి ఇస్తామని మన అధ్యక్షురాలు ఇందాకే ఒప్పుకున్నారు.