పవర్ వీడర్ చేతికొచ్చాక మొదటి 20 గంటలు

వ్యవసాయ యాంత్రీకరణ పథకం: లబ్ధిదారుల శిక్షణ ప్రసంగ పాఠం
(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత రైతుల కోసం)



సబ్సిడీ ఎంత, అర్జీ ఎక్కడ ఇవ్వాలి అనే సంగతులు మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. అయినా రెండు మాటల్లో చెప్పి అసలు విషయానికి వస్తాను. కేంద్ర ప్రభుత్వం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం మొదలుపెట్టింది. దాని నిబంధనల ప్రకారం ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు, మహిళా రైతులకు యంత్రం ధరలో 50 శాతం వరకు, మిగిలినవారికి 40 శాతం వరకు రాయితీ ఉంటుంది. యంత్రం రకాన్ని బట్టి, హార్స్ పవర్‌ను బట్టి దానికి ఒక గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. మీ యంత్రానికి ఎంత వర్తిస్తుందో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

రాయితీ పోగా మిగతా సగం మీ కష్టార్జితం. చాలామంది బంగారం కుదువపెట్టి కట్టి ఉంటారు. ఆ యంత్రం ఏడాదికే మూలనపడకూడదు. అంతకన్నా ముఖ్యం, దాన్ని నడిపే మనిషి కాలు, చెయ్యి బాగుండాలి. ఈరోజు ఈ రెండు సంగతులే మాట్లాడతాను.

యంత్రం ఇంటికి రాగానే

పెట్టె విప్పగానే పెట్రోల్ పోసి తాడు లాగొద్దు. కొత్త ఇంజన్‌ను చాలా కంపెనీలు ఆయిల్ పోయకుండానే పంపిస్తాయి. ఆయిల్ లేకుండా ఇంజన్ తిరిగితే కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు వారంటీ కూడా రాదు. అందుకని ముందు యంత్రాన్ని చదునైన చోట నిలబెట్టండి. ఇంజన్ ఆయిల్ మూత విప్పి, కొలిచే పుల్లను గుడ్డతో తుడిచి, ముంచి చూడండి. పై గీత దాకా ఆయిల్ ఉండాలి. 6, 7 హార్స్ పవర్ పెట్రోల్ ఇంజన్లకు మామూలుగా అర లీటరు పైచిలుకు పడుతుంది. ఏ గ్రేడు ఆయిల్ పోయాలో యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మోటార్ సైకిల్‌కు పోసి మిగిలింది కదా అని ఏది పడితే అది పోయొద్దు.

గేర్ బాక్స్‌కు వేరే ఆయిల్ ఉంటుంది. దాన్ని మరిచిపోయేవాళ్లు ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్ గిన్నె రకం అయితే ఆ గిన్నెలో కూడా ఆయిల్ పోయాలి. అంటే ఆయిల్ చూడాల్సిన చోట్లు మొత్తం మూడు: ఇంజన్, గేర్ బాక్స్, ఫిల్టర్. ఆ తర్వాతే పెట్రోల్ సంగతి.

డీలర్ మనిషి బిగించి ఇచ్చాడని వదిలేయకుండా నట్లన్నీ స్పానర్‌తో ఒకసారి తాకి చూసుకోండి. హ్యాండిల్ నట్లు, ఇంజన్ కింది నట్లు, బ్లేడ్ల బోల్టులు ముఖ్యం. బ్లేడ్లకు పదునుండే అంచు ముందుకు తిరిగేవైపు ఉండాలి. కుడివి ఎడమకు, ఎడమవి కుడికి వేస్తే యంత్రం నేలలోకి దిగదు, ఎగిరెగిరి పడుతుంది.

బిల్లు, వారంటీ కార్డు, ఇంజన్ నంబరు మూడింటికీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

కొత్త ఇంజన్ ఎందుకు మెల్లగా నడపాలి

కొత్త ఎద్దును మొదటిరోజే బరువు బండికి కట్టం కదా. ముందు కాడి అలవాటు చేస్తాం. ఇంజన్ కూడా అంతే. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ ఇంకా ఒకదానికొకటి ఒదిగి ఉండవు. కంటికి కనపడని గరుకు ఉంటుంది. మొదటి గంటల్లో ఆ గరుకు అరిగి రెండూ చక్కగా కూర్చుంటాయి. అరిగిన ఇనుప పొడి ఆయిల్‌లోకి దిగుతుంది. కారుకు, ట్రాక్టర్‌కు ఉన్నట్టు ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఆ పొడి అందులోనే తిరుగుతా ఉంటుంది. అందుకే మొదటి ఆయిల్ తొందరగా మార్చమంటాం.

పద్ధతి ఇది.

మొదటి 5 గంటలు: స్టార్ట్ చేశాక 3 నుంచి 5 నిమిషాలు మెల్లగా తిరగనివ్వండి. ఆ తర్వాత సగం రేస్ మీదనే పని చేయండి. లోతు 2 అంగుళాలు దాటనివ్వొద్దు. మెత్తని, పదునున్న నేలలోనే దించండి. ఒక గంట పని అయ్యాక ఆపి, చల్లారాక నట్లన్నీ మళ్లీ బిగించండి. కొత్త యంత్రం అదురుకు నట్లు వదులవడం మామూలే.

5 నుంచి 20 గంటలు: కొంచెం కొంచెంగా లోతు, రేస్ పెంచండి. ఒకే రేస్ మీద గంటల తరబడి నడపొద్దు. ఫుల్ రేస్ వద్దు, గట్టి నేల వద్దు. ఆపే ముందు 2 నిమిషాలు బరువు లేకుండా తిరగనిచ్చి ఆపండి.

20 గంటలకు: ఇంజన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడే పాత ఆయిల్ పూర్తిగా దించి కొత్తది పోయండి. వెచ్చగా ఉంటే పొడి కూడా ఆయిల్‌తోపాటు దిగిపోతుంది. ఆ తర్వాత మామూలుగా 100 గంటలకు ఒకసారి మార్చాలంటారు. మన ఎండకు, మన దుమ్ముకు అంతకన్నా ముందే మార్చితే మంచిది. మీ పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి.

యంత్రానికి గంటల మీటర్ లేకపోతే గోడ మీద క్యాలెండర్ ఉంది గదా. ఎన్ని గంటలు నడిపారో ఆ తేదీ గడిలో రాయండి.

మన నేలలు, మన తోటలు

పవర్ వీడర్ అన్ని చోట్లా ఒకేలా నడవదు.

జమ్మలమడుగు వైపు నల్లరేగడి. ఎండితే రాయి, తడిస్తే బంక. పిడికెడు మట్టి పట్టి నొక్కి కింద పడేయండి. పొడిగా రాలితే పదునున్నట్టు. అరచేతికి అంటుకుంటే ఒకరోజు ఆగండి. పగుళ్లు విచ్చిన నేలలో దించితే బ్లేడ్లు దిగవు. యంత్రం ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది, హ్యాండిల్ చేతిలోంచి జారుతుంది. బుడ్డశనగ సాళ్ల మధ్య ఎడం అడుగే ఉంటుంది కాబట్టి అందులో ఈ యంత్రం పట్టదు, ప్రయత్నించి పైరు పాడుచేసుకోవద్దు. ఎడంగా వేసిన పత్తి సాళ్లలో బాగా పనిచేస్తుంది.

ప్రొద్దుటూరు వైపు కాలువ కింద కయ్యల్లో గట్లు ఎక్కించేటప్పుడు జాగ్రత్త. ఈ చిన్న ఇంజన్లలో ఆయిల్ చిమ్మడం వల్లనే లోపలి భాగాలకు అందుతుంది. ఇంజన్ బాగా ఒరిగితే ఆయిల్ అందదు. గట్టు దాటాలంటే రోటర్ ఆపి, మెల్లగా, ఇంకో మనిషి సాయంతో దాటించండి.

పులివెందుల వైపు చీనీ, అరటి తోటలు, డ్రిప్పు పైపులు. తోటలోకి దిగే ముందు పైపులన్నీ చెట్టు వరుస పక్కకు జరపండి. పైపు ఒక్కసారి రోటర్‌కు చుట్టుకుంటే డ్రిప్పూ పోతుంది, యంత్రమూ ఆగుతుంది. గులకరాళ్లున్న ఎర్రనేలలో పెద్ద రాళ్లు ముందే ఏరేయండి. ఇంకొక సంగతి. చీనీ చెట్టుకు ఆహారం తెచ్చే సన్న వేర్లు నేలకు దగ్గర్లోనే ఉంటాయి. పాదు లోపల లోతుగా తిప్పితే ఆ వేర్లు తెగుతాయి, తెగిన చోట కుళ్లు పట్టే ప్రమాదం ఉంది. కొమ్మల నీడ కింద కలుపును చేత్తో తీయించుకోండి. యంత్రాన్ని వరుసల మధ్యనే తిప్పండి.

క్లచ్‌కు తాడు కట్టొద్దు

ఈరోజు చెప్పిన వాటిలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి.

హ్యాండిల్ మీద పట్టుకుంటేనే రోటర్ తిరిగే క్లచ్ ఉంటుంది. వదలగానే రోటర్ ఆగుతుంది. అది మీ ప్రాణం కోసం పెట్టింది. మనిషి జారిపడినా, కళ్లు తిరిగినా చెయ్యి వదులవుతుంది, బ్లేడ్లు ఆగుతాయి. చెయ్యి నొస్తోందని దానికి తాడో, ట్యూబ్ ముక్కో, వైరో కట్టేస్తారు. అప్పుడు మీరు పడిపోయినా యంత్రం ఆగదు.

"సాలు పొడుగునా పట్టుకోవాలంటే వేళ్లు లాగుతాయి సార్" అంటారు. నిజమే. దానికి మందు తాడు కాదు, విరామం. అరగంటకోసారి ఆపి, చేతులు విదిలించుకుని, నీళ్లు తాగి మళ్లీ పట్టుకోండి. ఇద్దరుంటే మార్చి మార్చి నడపండి. అదురు వల్ల వేళ్లు తిమ్మిరెక్కితే ఆరోజుకు చాలించండి.

వెనక్కి నడిపేటప్పుడు ఇంకా జాగ్రత్త. రివర్స్‌లో యంత్రం మన కాళ్ల మీదికే వస్తుంది. వెనక గట్టో, చెట్టో, గుంతో ఉంటే మనం ఆగిపోతాం, అది ఆగదు. కాబట్టి రివర్స్ వేసే ముందు రోటర్ ఆపాలి. వెనక్కి తిరిగి చూడాలి. రేస్ తగ్గించాలి. బావి గట్టున, కాలువ అంచున రివర్స్ అసలే వద్దు.

పంచె, లుంగీ, వేలాడే తువ్వాలు కట్టుకుని నడపొద్దు. ఆడవాళ్లు కొంగు, చున్నీ నడుముకు గట్టిగా బిగించి, పైన చొక్కా వేసుకోండి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. రోటర్ పైన రేకు తీసేయొద్దు. రాయి ఎగిరొస్తే అడ్డుపడేది అదే. పిల్లలు, పశువులు 30 అడుగుల దూరంలో ఉండాలి.

బ్లేడ్లకు గడ్డి, గోనె, పైపు చుట్టుకుంటే ముందు ఇంజన్ ఆపండి. తర్వాత ప్లగ్గు వైరు పీకండి. అప్పుడే చెయ్యి పెట్టండి. ఇంజన్ ఆగి ఉన్నా, బ్లేడు చేత్తో తిప్పినప్పుడు ఒక్కసారి రగిలి తిరిగే అవకాశం ఉంది. ఆ వైరు పీకడానికి పది సెకన్లు పడుతుంది, తెగిన వేలు మళ్లీ రాదు.

నూర్పిడి యంత్రాల్లో ఇట్లాగే చేతులు పోతుంటేనే కేంద్రం 1983లో అపాయకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. చట్టం చేయగలిగేది యంత్రానికి రక్షణ రేకు పెట్టించడం వరకే. చేలో ఆ రేకు తీసేయకుండా ఉండటం మన చేతిలో పని.

పెట్రోల్, దుమ్ము, ఎండ

వేడి ఇంజన్ మీద పెట్రోల్ పోయొద్దు. 15 నిమిషాలు చల్లారనిచ్చి పోయండి. దగ్గర్లో బీడీ వెలిగించొద్దు. పెట్రోల్‌ను నీళ్ల బాటిల్లో తేవద్దు. మూసిన కొట్టంలో ఇంజన్ నడపొద్దు. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, మనిషి తెలియకుండానే పడిపోతాడు.

ఎయిర్ ఫిల్టర్ దుమ్ము నేలలో రోజూ చూసుకోవాలి. ఇంజన్ చుట్టూ ఉండే రెక్కల్లాంటి గాడుల్లో ఎండు గడ్డి, మట్టి ఇరుక్కుంటే గాలి ఆడక ఇంజన్ కాగిపోతుంది. ఆ గాడులను పని అయిపోయాక బ్రష్‌తో దులపండి. వేడి ఇంజన్ మీద నీళ్లు కొట్టొద్దు.

మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున 6 నుంచి 10 లోపల, మళ్లీ సాయంత్రం నడపండి. చీకటిపడ్డాక వద్దు.

సీజన్ అయిపోతే ట్యాంకులో పెట్రోల్ వదిలేయొద్దు. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. నెల దాటితే కార్బొరేటర్‌లో జిగురు పడుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క కాలిపోయేదాకా ఇంజన్ నడిపి పక్కన పెట్టండి.

ప్రమాదం జరిగితే

ఇంజన్ ఆపండి. కాలు ఇరుక్కుంటే తీయడానికని ఇంజన్ మళ్లీ వేయొద్దు. ప్లగ్గు వైరు పీకి, రోటర్ చేత్తో తిప్పి గానీ, బోల్టులు విప్పి బ్లేడు తీసి గానీ విడిపించండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పసుపు, కాఫీ పొడి, మట్టి పెట్టొద్దు. 108కి ఫోన్ చేయండి. వేలు తెగితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ కవరును ఐసు మీద పెట్టి వెంట తీసుకుపోండి. ఐసు నేరుగా వేలికి తగలకూడదు. మట్టిలో అయిన గాయం చిన్నదైనా ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

చివరగా రెండు మాటలు

యంత్రం ఇంటి ఆడమనిషి పేరున తీసుకున్నవాళ్లు మీలో ఉంటారు. సంతకం ఆమెది, శిక్షణకు వచ్చేది మాత్రం ఆయన. ఇద్దరూ నేర్చుకోండి. ఆయన చేలో పడిపోతే ఇంజన్ ఎట్లా ఆపాలో ఆమెకు తెలిసి ఉండాలి. స్టాప్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో ఎదిగిన పిల్లలకు కూడా చూపించండి, అయితే నడపడానికి మాత్రం ఇవ్వొద్దు. పక్క రైతుకు బాడుగకు ఇచ్చినా, నడిపే మనిషికి ఇవన్నీ చెప్పాకే తాడు చేతికివ్వండి.

ఇంకా నేర్చుకోవాలనుకునేవారికి మన పక్కనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడి శిక్షణల వివరాలు రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఈ కాగితం ఫోన్‌లో దాచుకోండి. యంత్రం తీసుకున్న మీ ఊరివాళ్లకు పంపండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. పొద్దున యంత్రం తోలుకుని పోయిన మనిషి సాయంత్రం రెండు కాళ్ల మీద నడిచి ఇంటికి రావాలి. ఆ తర్వాతే రాయితీ లెక్కలు, ఆదా లెక్కలు.