ఎన్ఎస్ఎక్స్ నిజంగా ఫెరారీని ఓడించిందా?

ఈ ఎపిసోడ్ ఒక చిన్న గొడవతో మొదలైంది. మా కెమెరా పట్టుకునే తమ్ముడు పొద్దున్నే ఫోన్‌లో స్పెక్ షీట్ తీసి నా మొహం ముందు పెట్టాడు. "అన్నా, హోండా ఎన్ఎస్ఎక్స్ ఫెరారీని కొట్టేసింది అంటావు కదా. ఇటు 280 హార్స్‌పవర్, అటు 300. ఎక్కడ కొట్టింది?" అన్నాడు.

వాడు చూపించిన నంబర్లు కరెక్టే. కాగితం మీద చూస్తే ఎన్ఎస్ఎక్స్ చాలా వాటిలో వెనకే. అయినా ఆ బండి వచ్చాక ఫెరారీకి పాత పద్ధతిలో నడవడం కష్టమైపోయింది. అదెలాగో ఈ రోజు చూద్దాం.

ముందే చెప్పేస్తున్నా, ఈ రోజు మాట్లాడుకునే బండ్లలో ఒక్కటి కూడా నేను నడపలేదు. ఎన్ఎస్ఎక్స్‌ని మొదటిసారి చూసింది మా ఊళ్లో, గంటకి పది రూపాయలిచ్చి ఆడుకునే ప్లేస్టేషన్ షాపులో, గ్రాన్ టూరిస్మో గేమ్‌లో. అప్పుడు నాకది నచ్చలేదు. తిప్పిన వైపు తిరుగుతుంది, బ్రేక్ కొడితే ఆగుతుంది, ఇందులో మజా ఏముంది అనుకునేవాణ్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరికి.

సరే, 1990కి వెళ్దాం. అప్పట్లో ఈ రేంజ్‌లో స్పోర్ట్స్ కారు కొనాలంటే ముఖ్యంగా మూడు దారులు. ఒకటి ఫెరారీ 348. 3.4 లీటర్ల వీ8 ఇంజిన్, డ్రైవర్ వెనకాలే ఉంటుంది. రెండు పోర్షే 911, అంటే 964 అని పిలిచే మోడల్. 3.6 లీటర్లు, 250 హార్స్‌పవర్, గాలితో చల్లబడే ఇంజిన్. మూడు అమెరికా వాళ్ల కార్వెట్ జెడ్ఆర్-1. 5.7 లీటర్లు, 375 హార్స్‌పవర్. ఆ ఇంజిన్ డిజైన్‌లో లోటస్ చెయ్యి ఉంది. ఒక సరదా సంగతి చెప్తా. జెడ్ఆర్-1లో పవర్ తగ్గించడానికి విడిగా ఒక తాళం చెవి ఉండేది. పార్కింగ్ కుర్రాడికి బండి ఇచ్చేటప్పుడు పవర్ తగ్గించి, ఆ చెవి జేబులో వేసుకోవచ్చు. మన ఇళ్లల్లో కూడా కొందరు నాన్నలకి ఇలాంటిదొకటి అవసరం.

వీటి మధ్యలోకి హోండా వచ్చింది. సివిక్, అకార్డ్ చేసే కంపెనీ. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బండి చూపించారు, 1990లో అమ్మకాలు మొదలు. అమెరికాలో ధర సుమారు 60 వేల డాలర్లు. ఫెరారీకి దాని కన్నా చాలా ఎక్కువ పెట్టాలి.

ఇప్పుడు అసలు విషయం. ఫెరారీ కొన్నవాళ్లు అప్పట్లో కొన్ని బాధలకి అలవాటు పడిపోయి ఉండేవాళ్లు. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు సెకండ్ గేర్ సరిగ్గా పడదు. నూనె వేడెక్కేదాకా ఆగాలి. 348లో టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందకి దించాలి. దాని బిల్లు ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. 911 కథ వేరు. దాని ఇంజిన్ వెనక చక్రాలకి కూడా వెనకాల ఉంటుంది. వేగంగా మలుపులోకి వెళ్లి, భయమేసి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేశారనుకోండి, బరువంతా ముందుకి వస్తుంది, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది, వెనక భాగం బయటికి కొట్టుకుపోతుంది. 964లో పోర్షే దీన్ని చాలా సరిచేసింది, ఏబీఎస్, పవర్ స్టీరింగ్ కూడా ఇచ్చింది. కానీ భౌతికశాస్త్రం మారదు కదా.

స్పోర్ట్స్ కారంటే ఇలాగే ఉంటుంది అని అందరూ సర్దుకున్నారు. హోండా ఇంజనీర్ షిగేరు ఉయెహారా టీమ్ మాత్రం, ఎందుకు ఉండాలి అని అడిగింది.

బాడీ మొత్తం అల్యూమినియంతో చేశారు. అల్యూమినియం మోనోకాక్‌తో ఫ్యాక్టరీలో సిరీస్‌గా తయారైన మొదటి కారు ఇదే. బాడీ బరువు 210 కేజీలు. స్టీల్‌తో చేసి ఉంటే ఇంకో 140 కేజీలు పెరిగేది. ఇంజిన్ 3 లీటర్ల వీ6 మాత్రమే, కానీ లోపల టైటానియం కనెక్టింగ్ రాడ్లు, పైన వీటెక్. వీటెక్ అంటే చాలామందికి మీమ్‌గా తెలుసు, పని ఎలా చేస్తుందో తెలీదు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే తలుపులే వాల్వులు. మెల్లగా పోయేటప్పుడు అవి కొంచెం తెరుచుకుంటే చాలు. ఇంజిన్ గట్టిగా తిరిగేటప్పుడు ఎక్కువ తెరుచుకోవాలి, ఎక్కువసేపు తెరిచి ఉండాలి. మామూలు ఇంజిన్‌లో ఏదో ఒకదానికి సెట్ చేసి వదిలేస్తారు. వీటెక్‌లో కామ్‌షాఫ్ట్ మీద రెండు రకాల కామ్‌లు ఉంటాయి. ఎన్ఎస్ఎక్స్‌లో సుమారు 5,800 ఆర్‌పీఎం దాటగానే ఆయిల్ ప్రెషర్‌తో పెద్ద కామ్‌కి మారుతుంది. అక్కణ్నుంచి 8,000 దాకా లాగుతూనే ఉంటుంది. అదే ఇంజిన్ ట్రాఫిక్‌లో అకార్డ్‌లాగా నెమ్మదిగా కూడా పోతుంది.

అయర్టన్ సెన్నా కథ మీలో చాలామంది వినే ఉంటారు. కానీ దాన్ని సగమే చెప్తుంటారు. 1989లో సుజుకా ట్రాక్ మీద సెన్నా ప్రోటోటైప్ నడిపాడు. అప్పుడు మెక్‌లారెన్‌కి ఇంజిన్లు ఇస్తున్నది హోండానే. అంటే సొంత మనిషి. పొగిడి వెళ్లిపోవచ్చు. కానీ బండి కాస్త సున్నితంగా అనిపిస్తోంది అన్నాడు. అప్పటికే షోలో చూపించేసిన బండి అది. హోండా వాళ్లు దాన్ని జర్మనీలో న్యూర్‌బర్గ్‌రింగ్‌కి తీసుకెళ్లి నెలల తరబడి తిప్పారు. బలహీనంగా ఉన్న చోటల్లా గట్టిచేసి, బాడీ బిగువుని సుమారు 50 శాతం పెంచారు. నాకు ఈ కథలో సెన్నా మాట కన్నా, ఆ మాట విన్నాక చేసిన పనే గొప్పగా అనిపిస్తుంది.

ఇక తీర్పు ఇచ్చిన మనిషి గార్డన్ మర్రే. మెక్‌లారెన్ ఎఫ్1 డిజైన్ చేసినాయన. ఎన్ఎస్ఎక్స్ నడిపాక, అప్పటిదాకా కొలతలుగా పెట్టుకున్న ఫెరారీ, పోర్షే, లంబోర్గినీ అన్నీ మనసులోంచి పోయాయని ఆయనే రాశాడు. తర్వాత తనే ఒక ఎన్ఎస్ఎక్స్ కొనుక్కుని ఏళ్ల తరబడి వాడాడు.

"మరి ఇంత గొప్ప బండి ఎందుకు ఎక్కువ అమ్ముడు పోలేదన్నా?" ఇది కూడా తమ్ముడి ప్రశ్నే. నిజమే. 15 ఏళ్లలో ప్రపంచమంతా కలిపి సుమారు 18 వేలు, అంతే. ఒకటి బ్యాడ్జీ. అంత డబ్బు పెట్టేవాడు కాఫీ షాప్ ముందు హోండా బ్యాడ్జీతో దిగడానికి ఇష్టపడలేదు. అమెరికాలో అయితే అక్యూరా బ్యాడ్జీ, అది అప్పటికి పుట్టి నాలుగేళ్లే. రెండోది, ప్లేస్టేషన్ షాపులో నేనన్న మాటే పెద్ద పెద్ద వాళ్లూ అన్నారు. చాలా ఈజీగా ఉంది, ఆత్మ లేదు అని. ఇప్పుడు ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. గేర్ సరిగ్గా పడకపోవడం ఆత్మ ఎలా అవుతుంది? అది రిపేరు.

అలాగని హోండాని వెనకేసుకు రాను. బండిలో లోపాలు లేకపోలేదు, మొదటి మోడళ్లలో వెనక టైర్లు తొందరగా అరిగిపోయేవి. కానీ పెద్ద తప్పు వేరే ఉంది. బండి చేసి, గెలిచామని కూర్చున్నారు. 1994లో ఫెరారీ ఎఫ్355 తెచ్చింది, 380 హార్స్‌పవర్. 348 గురించి సొంత కంపెనీ బాసు లూకా డి మాంటెజెమోలోకే అసంతృప్తి ఉండేది, ఆ కసి అంతా ఈ బండిలో కనిపిస్తుంది. హోండా 1997లో ఇంజిన్‌ని 3.2 లీటర్లు చేసి ఆరు గేర్లు ఇచ్చింది. జపాన్‌లో మాత్రం కాగితం మీద అదే 280. ఆ నంబర్ దాటకూడదని అక్కడి కంపెనీల మధ్య అప్పట్లో ఒప్పందం ఉండేది. 1999లో ఫెరారీ 360 మొడేనా వచ్చింది. 400 హార్స్‌పవర్, ఛాసీ బాడీ మొత్తం అల్యూమినియం. హోండా తొమ్మిదేళ్ల ముందు పట్టిన దారి! 2005లో ఎన్ఎస్ఎక్స్ ఆగిపోయేటప్పటికి అమెరికాలో దాని ధర 90 వేల డాలర్లకి దగ్గరైంది, పవర్ మాత్రం ఎక్కడిదక్కడే.

కాబట్టి తమ్ముడికి నా జవాబు ఇది. 1990లో 348 మీద ఎన్ఎస్ఎక్స్ గెలిచింది, 1995లో ఎఫ్355 చేతిలో ఓడిపోయింది. రెండూ నిజమే. జెడ్ఆర్-1 మీద నేరుగా లైన్లో ఎప్పుడూ గెలవలేదు.

"ఇప్పుడు ఒకటి ఫ్రీగా ఇస్తామంటే ఏది తీసుకుంటావ్?" అన్నాడు. 1991 ఎన్ఎస్ఎక్స్, ఐదు గేర్లది, ఎర్ర రంగు. వాడు జెడ్ఆర్-1 అన్నాడు, ఆ తాళం చెవి కోసమట. వచ్చే ఎపిసోడ్‌లో మాజ్దా ఆర్ఎక్స్-7, రోటరీ ఇంజిన్ సంగతి. ఉంటా మరి.