చదరంగపు గడులలో ఒక మహాసంఖ్య



గణితమును గూర్చి మాటలాడుటకు నేను అధికారిని కాను. బి.ఏ. చదివి, సచివాలయమున ఫైళ్ళ నడుమ కాలము గడుపుచున్నవాడను. అయినను ఈ సంఖ్య నాకు తెలుగు పద్యమున కనబడినది గనుక సాహసించితిని.

ఆ సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, తరువాతిదానిలో రెండు, ఆపై నాలుగు, ఇట్లు 64 గడులకును రెట్టించుచు పోయిన వచ్చు మొత్తము. దీనిని ఒక రాజును పారితోషికముగా అడిగిన కథ మీరెరుగుదురు. అల్ బిరూనీయు ఇదే మొత్తమును లెక్కించెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనుగించిన పావులూరి మల్లన పేర దీనిని చెప్పు చంపకమాల యొకటి ప్రసిద్ధము. అందు అంకెలకు బదులు మాటలు నిలిచినవి. చంద్రుడు ఒకటి, వేదములు నాలుగు, గగనము సున్న, రంధ్రములు తొమ్మిది. కుడినుండి యెడమకు వ్రాసికొనుచు రావలెను.

ఏ గడిలోని గింజలైనను అంతకుముందున్న గడులన్నింటి మొత్తముకంటె ఒకటి యెక్కువ. కావున ఒకటిని 64 మారులు రెట్టించి, ఒకటి తీసివేసిన చాలును, కూడికయే అక్కరలేదు.

గ్రాముకు 50 బియ్యపు గింజలనుకొందము. మొత్తము సుమారు 36,900 కోట్ల టన్నులగును. 1959లో మన భిలాయి తొలి కొలిమి వెలిగినది. మొదటి దశకు నిర్ణయించిన సామర్థ్యము ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు. ఆ చొప్పున ఇంత బరువు తూగుటకు సుమారు 3,69,000 ఏండ్లు పట్టును. రాజుగారు మాట యిచ్చుటకు ముందు ఆర్థికశాఖ అభిప్రాయము తీసికొనియుండవలసినది!

మరియొక వింత. మూడులో ఒకటి తీసి, వర్గముచేసి, ఒకటి కలిపిన అయిదు, అయిదుతో నట్లే చేసిన 17, పిదప 257, ఆపైన 65,537. ఈ వరుసలోనివన్నియు ప్రధానసంఖ్యలేయని 17వ శతాబ్దిలో ఫెర్మా నమ్మెను. తరువాతిదియగు 4,29,49,67,297ను 641 నిశ్శేషముగా భాగించునని 1732లో ఆయిలరు చూపెను. ఈ ఆరింటిని గుణించిన వచ్చునది మన చదరంగపు సంఖ్యయే. పద్యమును వల్లించినవారి నోట 641 శతాబ్దములపాటు దాగియున్నదన్నమాట.

ఇక నన్ను కలవరపెట్టు విషయము. ఇచ్చట మన పిల్లలు హిందీలోను ఇంగ్లీషులోను చదువుకొనుచున్నారు. ఇటువంటి పద్యము వారికి చేరవలెనన్న మనమే వ్రాసి యీయవలెను. వ్రాయుటలో పొరపాటు సులభము. "వేద" యనుచోట "చంద్ర" యని పడిన గురులఘువులు చెడవు, చెవికి తెలియదు. నాలుగు పోయి ఒకటి వచ్చును. అంకెల మొత్తము 87 కావలసినది 84 అగును. అదియు మూడుచే భాగింపబడును గనుక ఆ పరీక్షకు దోషము దొరకదు. 17తో భాగించినచో శేషము మిగిలి దొంగ బయటపడును. కాబట్టి ఇంటికి పోయి పద్యమును వ్రాసి యిచ్చువారు, పిల్లలచేత ఆ భాగహారము చేయించిన పిమ్మటనే ప్రతిని బీరువాలో పెట్టుడు.